తెమడలో కనిపించకపోతే పోయినట్టేనా? టీబీ సూక్ష్మజీవి నిద్ర, ఆరు నెలల మందు లెక్క

దేవరకొండ దిక్కు నుంచి వచ్చిన ప్రశ్న ఇది. తమ్ముడికి ఊపిరితిత్తుల టీబీ. రెండు నెలలు గోలీలు మింగాక దగ్గు పోయింది, నాలుగు కిలోలు పెరిగాడు, తెమడ పరీక్షలో సూక్ష్మజీవి లేదని రాసిచ్చారు. ఇప్పుడు బొంబాయికి పనికి పోతానంటున్నాడు. లేని పురుగుకు ఇంకా నాలుగు నెలలు మందెందుకు? ‘నిద్రపోయే పురుగులుంటయి’ అని దవాఖానలో అన్నారట, మందుకు లొంగని టీబీ అంటే అదేనా? గొర్లకు వచ్చే దొమ్మ (ఆంత్రాక్స్) లాగా ఇది కూడా ఏళ్ల తరబడి దాక్కుంటుందా? మంచిగున్న అమ్మకూ మూడేళ్ల పాపకూ కూడా మందు ఎందుకు ఇస్తామంటున్నారు?

ముందు ఆ రిపోర్టు సంగతి. మైక్రోస్కోపు కింద తెమడలో టీబీ సూక్ష్మజీవి కనబడాలంటే ఒక్క మిల్లీలీటరులో కనీసం 5,000 నుంచి 10,000 దాకా ఉండాలి. అంతకంటే తక్కువ ఉంటే ఎంత అనుభవమున్న టెక్నీషియన్ చూసినా ‘నెగెటివ్’ అనే రాస్తాడు. జబ్బు ముదిరినప్పుడు ఊపిరితిత్తిలో పడే గుంతలో వీటి సంఖ్య కోటి నుంచి వంద కోట్ల దాకా ఉంటుంది. వంద కోట్లలో 99.99 శాతం చచ్చినా ఇంకా లక్ష మిగిలే ఉంటాయి. తమ్ముడికి వచ్చిన రిపోర్టు మంచి వార్తే. మందు పనిచేస్తోందని, అతని వల్ల పక్కవాళ్లకు అంటుకునే ప్రమాదం బాగా తగ్గిందని దాని అర్థం. ఊపిరితిత్తి ఖాళీ అయిందని మాత్రం అది చెప్పదు.

కొందరు ఈ దశలో ప్రైవేటు ల్యాబులో డబ్బు పెట్టి సీబీనాట్ చేయించుకుని, పాజిటివ్ వచ్చిందని బెంబేలు పడతారు. అది సూక్ష్మజీవి డీఎన్ఏను వెతికే పరీక్ష, చచ్చినదాని డీఎన్ఏను కూడా పట్టుకుంటుంది. జబ్బును నిర్ధారించడానికీ, అది రిఫాంపిసిన్ అనే ముఖ్యమైన టీబీ మందుకు లొంగుతుందో లేదో చూడటానికీ అది గొప్ప పరీక్ష. మందు మధ్యలో ‘తగ్గిందా లేదా’ చూడటానికి పనికిరాదు.

ఇక ఆ మిగిలినవి ఎందుకు చావలేదు? చాలామంది అనుకున్నట్టు అవి మొండివి, బలమైనవి కావు. తుంగకు గడ్డిమందు కొట్టినవాళ్లకు ఇది చెప్పనక్కర్లేదు. ఆకు పచ్చగా ఉండి పెరిగే ఊపు మీదున్నప్పుడు కొడితేనే మందు లోపలికి దిగుతుంది. మొలకెత్తకుండా నేలలో ఊరికే పడున్న గడ్డకు అది తగలదు. పది రోజులకు చేను శుభ్రంగా కనిపిస్తుంది, ఒక్క వాన పడగానే మళ్లీ తుంగ లేస్తుంది. అట్లా లేచింది కొత్త రకమేం కాదు, అదే మందుకు అంతే సులువుగా చస్తుంది. మొదటిసారి మందు కొట్టినప్పుడు అది పనిలో లేదు, అంతే.

యాంటీబయాటిక్కులు చాలావరకు జరుగుతున్న పనిని చెడగొట్టి చంపుతాయి. ఐసోనియాజిడ్ అనే టీబీ మందు ఆ సూక్ష్మజీవి గోడకు కావాల్సిన మైకోలిక్ ఆమ్లాల తయారీని ఆపుతుంది. కొత్త గోడ కట్టుకుంటున్న కణం కూలిపోతుంది. కట్టే పనే లేని కణానికి ఇటుకలు రాకపోతే నష్టమేంటి? దీనికి ఇంకో మెలిక ఉంది. ఐసోనియాజిడ్ గోలీలో ఉన్నప్పుడు విషం కాదు. సూక్ష్మజీవి తనే తయారుచేసుకునే క్యాట్‌జీ అనే ఎంజైము దాన్ని విషంగా మారుస్తుంది. టీబీకి దగ్గరి చుట్టమైన, జబ్బు చేయని ఒక మైకోబ్యాక్టీరియం మీద 2013లో కణం కణాన్నీ విడిగా కెమెరాతో చూసినప్పుడు ఒక సంగతి తేలింది. ఈ ఎంజైము ఎప్పుడూ ఒకేలా కాకుండా విడతలు విడతలుగా తయారవుతుంది. మందు వచ్చిన వేళకు ఆ విడత పడని కణాలు బతికిపోయాయి.

ఇట్లా మిగిలే కణాలను పెర్సిస్టర్లు అంటారు. 1944లో జోసెఫ్ బిగ్గర్ అనే డాక్టరు స్టెఫైలోకాకస్ అనే సూక్ష్మజీవి మీద పెన్సిలిన్ పరీక్షిస్తూ, ఎంత మందు పోసినా దాదాపు పది లక్షల్లో ఒకటి మిగులుతోందని గమనించి ఆ పేరు పెట్టాడు. మిగిలినవాటిని మళ్లీ పెంచి మళ్లీ పెన్సిలిన్ వేస్తే, మొదటిసారి లాగే చచ్చాయి, మళ్లీ కొన్ని మిగిలాయి. అంటే వాటి జన్యువులు మారలేదు. ఇది వంశపారంపర్యం కాదు, ఆ క్షణంలో ఆ కణం ఉన్న స్థితి. మందు చూసి నిద్రపోయాయా, ముందే నిద్రలో ఉన్నాయా అన్న ప్రశ్నకు 2004 దాకా గట్టి జవాబు రాలేదు. ఆ ఏడు ఈ.కోలై అనే పేగుల సూక్ష్మజీవి కణాలను సన్నటి కాలువల్లో వరుసగా పేర్చి పెంచి, మందు వేసి, తర్వాత రికార్డింగును వెనక్కి తిప్పి చూశారు. బతికినవి మందు రాకముందే పెరగడం ఆపినవి. గుంపులో ఎప్పుడూ కొన్నింటిని పక్కన పడుకోబెట్టి ఉంచడం వీటి అలవాటు. ఆకలి, వేడి, ఆమ్లం, మన రక్తకణాల దాడి లాంటి కష్టం వచ్చిందంటే ఆ సంఖ్య ఇంకా పెరుగుతుంది.

పడుకోవడం ఎట్లా జరుగుతుంది? బాగా తెలిసిన దారి ఇది. అమైనో ఆమ్లాలు కరువైనప్పుడు ప్రోటీన్లు తయారుచేసే రైబోజోము ఖాళీగా ఆగిపోతుంది. అది చూసి రెల్ అనే ఎంజైము పీపీజీపీపీ అనే చిన్న అణువును తయారుచేస్తుంది. కణం లోపల దాన్ని ఆపద డప్పు అనుకోండి. అది మోగగానే కొత్త రైబోజోములు కట్టడం ఆగుతుంది, డీఎన్ఏ నకలు తీయడం తగ్గుతుంది, ఉన్న సరుకంతా పొదుపులోకి వెళ్తుంది. రెండో దారి, కణం తన మీదే తను వాడుకునే విషాలు, వాటికి విరుగుళ్లు. మామూలు రోజుల్లో విరుగుడు విషాన్ని పట్టి ఉంచుతుంది. విరుగుడు తరిగితే విషం బయటపడి, ప్రోటీన్ల తయారీని ఆపేసి, కణాన్ని చంపకుండా పడుకోబెడుతుంది. టీబీ సూక్ష్మజీవిలో ఇలాంటి జంటలు 80కి పైగా ఉన్నాయి. అయితే నిద్రకు ఈ విషాలే అసలు తాళంచెవి అని ఎవరైనా గట్టిగా చెబితే కొంచెం ఆగండి. ఈ.కోలైలో పది విషాలు తీసేస్తే పెర్సిస్టర్లు బాగా తగ్గాయని 2011లో వచ్చిన ఒక పేరున్న పత్రాన్ని 2018లో వెనక్కి తీసుకున్నారు. ఆ ప్రయోగశాల కణాల్లోకి ఒక వైరసు దూరి, లెక్కలు తారుమారయ్యాయని తేలింది. హిప్ఎ లాంటి ఒకటి రెండు విషాల పాత్ర మాత్రం నిలబడింది.

టీబీకి ఇంకో బలం ఉంది, అది దాక్కునే చోటు. మన రక్తకణాలు దాని చుట్టూ కోట కట్టినట్టు చేరి గ్రాన్యులోమా అనే గడ్డ అవుతాయి. లోపల ఆక్సిజన్ తక్కువ, నైట్రిక్ ఆక్సైడ్ పోటు, తిండికి కొవ్వే దిక్కు. లారెన్స్ వేన్ అనే శాస్త్రవేత్త మూత బిగించిన గాజు గొట్టంలో టీబీని మెల్లగా కలుపుతూ, ఆక్సిజన్‌ను దానంతట అదే అయిపోనిచ్చాడు. ఆక్సిజన్ 1 శాతానికి దిగగానే సంఖ్య పెరగడం ఆగింది, 0.06 శాతానికి దిగాక పూర్తి నిద్ర. ఆక్సిజన్‌ను ఒక్కసారిగా తీసేస్తే మాత్రం చచ్చాయి. సర్దుకునే సమయం కావాలి వాటికి. ఆ సర్దుబాటును నడిపేది డాస్ఆర్ అనే మీట. అది పడితే దాదాపు 48 జన్యువులు ఒకేసారి పనిలోకి వస్తాయి. కణం లోపల కొవ్వు బొట్లు చేరతాయి, ఐసోనియాజిడ్ దాదాపు దండగ అవుతుంది.

ఆరు నెలల లెక్క ఇక్కడే ఉంది. నాలుగు మందులకు నాలుగు వేరు వేరు పనులు. చురుగ్గా పెరిగేవాటిని ఐసోనియాజిడ్ మొదటి రెండు మూడు రోజుల్లోనే భారీగా నరికేస్తుంది. ఊపిరితిత్తిలో జబ్బు రేపిన మంట వల్ల పులిసిన ఆమ్లపు చోట్లలో మందకొడిగా ఉన్నవాటి కోసం పైరాజినమైడ్. ఇది మామూలు పీహెచ్ దగ్గర దాదాపు పనిచేయదు, ఆమ్లంలోనే పనిచేస్తుంది. మంట చల్లారాక దానికి పెద్దగా పనుండదు కాబట్టే రెండు నెలలకు ఆపేస్తారు. అప్పుడప్పుడూ ఒక గంట లేచి మళ్లీ పడుకునేవాటికి రిఫాంపిసిన్. ఈ నాలుగింటిలో ఆర్ఎన్ఏ తయారీ మొదలైన నిమిషాల్లో కొట్టగల మందు అదొక్కటే, అందుకే చివరి దాకా ఉంటుంది. ఇథాంబ్యుటాల్ చంపడంలో బలహీనం, మిగతా మందులకు లొంగని కణం తప్పించుకోకుండా కాపలా. మిగిలిన నాలుగు నెలలు ఒకరకంగా చెరువు గట్టు మీద గాలం వేసి కూర్చోవడమే. లేచిందాన్ని లేచినట్టే పట్టాలి. రోజూ లేచే సమయం తెలియదు గనుక రోజూ మందు ఒంట్లో ఉండాలి.

దీన్ని తగ్గించలేమా అని గట్టిగానే ప్రయత్నించారు. మాక్సిఫ్లాక్సాసిన్ లాంటి మందులు చేర్చి నాలుగు నెలలతో ముగించిన పెద్ద పరీక్షల ఫలితాలు 2014లో వచ్చాయి. తెమడ మామూలు కంటే తొందరగానే శుభ్రమైంది. కానీ మందు ఆపాక జబ్బు తిరగబెట్టినవాళ్లు ఆరు నెలల వాళ్లకంటే ఎక్కువ. మీ ప్రశ్నకు ఇంతకంటే నేరుగా జవాబు ఉండదు: తెమడ శుభ్రం కావడం ఒకటి, నిద్రపోయేవి పోవడం ఇంకొకటి. 2021లో రిఫాపెంటిన్‌తో మాక్సిఫ్లాక్సాసిన్ కలిపిన నాలుగు నెలల కోర్సు మాత్రం ఆరు నెలల దానికి సాటి వచ్చింది. అంతమాత్రాన ఆరు నెలల గోలీలనే నాలుగు నెలలకు ఆపొచ్చని అనుకోవద్దు. అవి వేరే మందులు, వేరే మోతాదు.

మందుకు లొంగకపోవడం వేరు, నిద్ర వేరు. లొంగని కణానికి జన్యువు మారింది, దాని పిల్లలన్నీ లొంగవు. ఐసోనియాజిడ్‌కు అలా మారినది దాదాపు పది లక్షల్లో ఒకటి, రిఫాంపిసిన్‌కు పది కోట్లలో ఒకటి పుట్టుకతోనే ఉంటుంది. రెండింటికీ ఒకేసారి మారినది దొరకడం చాలా అరుదు, అందుకే మందులు కలిపి ఇస్తారు. మధ్యలో ఆపేసినవాళ్లకు తిరగబెట్టిన టీబీ చాలాసార్లు అవే మందులకు లొంగుతుంది, ఎందుకంటే లేచింది నిద్రపోయిందే. ప్రమాదం ఎక్కడంటే, నిద్రలో మిగిలినవి లేచి మళ్లీ కోట్లయినప్పుడు ఆ పది లక్షల్లో ఒకటి పుట్టే అవకాశం మళ్లీ వస్తుంది. ఆపడం, మొదలుపెట్టడం, మళ్లీ ఆపడం చేస్తూపోతే ప్రతి విడతకూ అట్లాంటివి ఏరబడతాయి. మందుకు లొంగని టీబీకి ఇప్పుడు ఇచ్చే బెడాక్విలిన్ గొప్పతనం కూడా నిద్ర సంగతే. అది కణం శక్తిని తయారుచేసే యంత్రాన్నే ఆపుతుంది. నిద్రలో ఉన్నా ఊపిరి నిలబడటానికి కొంత శక్తి కావాలి కదా, అందుకే పడుకున్నదాన్నీ చంపగలదు, కాకపోతే నెమ్మదిగా.

దొమ్మ సంగతి వేరు. టీబీ పడుకుంటుంది, దొమ్మ సూక్ష్మజీవి గింజ కట్టుకుంటుంది. నీళ్లు చాలావరకు తీసేసి, క్యాల్షియంతో గట్టిపరిచి, పొర మీద పొర కట్టుకున్న ఆ స్పోరులో జీవక్రియ దాదాపు ఏమీ ఉండదు. మరిగే నీళ్లు దాన్ని నమ్మకంగా చంపలేవు. ఆటోక్లేవులో 121 డిగ్రీల దగ్గర 15 నిమిషాలు కావాలి. స్కాట్లాండులోని గ్రూనార్డ్ దీవిలో 1942లో ఈ స్పోర్లతో బాంబులు పరీక్షించారు. ఆ నేలను శుభ్రం చేయడానికి 1986లో 280 టన్నుల ఫార్మాల్డిహైడ్ ద్రావణం పోయాల్సివచ్చింది, 1990లో గానీ నిషేధం ఎత్తలేదు. టీబీకి అట్లాంటి గింజ లేదు, ఎండ తగిలితే తొందరగానే చస్తుంది. కాబట్టి ఇల్లు తవ్వాల్సిన పనిలేదు, కిటికీలు తెరిస్తే చాలు. గొర్రె ఉన్నట్టుండి చచ్చి ముక్కు నుంచో వెనక నుంచో నల్లటి గడ్డకట్టని రక్తం కారితే మాత్రం కోయకండి, తోలు తీయకండి. కోయని కళేబరంలో ఆ సూక్ష్మజీవులు కుళ్లులో పడి రెండు మూడు రోజుల్లో చాలావరకు చస్తాయి. కోస్తే గాలి తగిలి స్పోర్లవుతాయి, ఆ నేల మీద మేసిన మందకు ఏళ్ల తరబడి ముప్పు. పశువుల డాక్టరుకు చెప్పి, ఉన్నదున్నట్టు ఆరడుగుల లోతున పూడ్చాలి.

అమ్మ, పాప. టీబీ ఉన్నవాళ్ల పక్కన నెలల తరబడి పడుకున్నవాళ్లకు సూక్ష్మజీవి చేరి ఉండొచ్చు. చేరినవాళ్లలో 5 నుంచి 10 శాతం మందికే జీవితంలో ఎప్పుడో జబ్బు వస్తుంది, అందులోనూ మొదటి రెండేళ్లలో ఎక్కువ. మిగతావాళ్లలో అది పడుకునే ఉంటుంది. షుగరు, హెచ్ఐవీ, తిండి చాలకపోవడం, స్టెరాయిడ్లు, క్రషర్ల దగ్గర రాతిదుమ్ము, ఇవి దాన్ని లేపుతాయి. ఐదేళ్లలోపు పిల్లలకు ముప్పు అన్నిటికంటే ఎక్కువ, మెదడు టీబీ దాకా పోవచ్చు. అందుకే ముందుజాగ్రత్త మందు. రోజూ ఐసోనియాజిడ్ ఆరు నెలలు, పెద్దలకు కిలోకు 5 మిల్లీగ్రాములు, పిల్లలకు 10. లేదా వారానికి ఒక్కసారి ఐసోనియాజిడ్, రిఫాపెంటిన్ కలిపి 12 వారాలు. ఇది రెండేళ్లు దాటినవాళ్లకే.

జబ్బుకు నాలుగు మందులైతే దీనికి ఒకటో రెండో ఎట్లా సరిపోతాయి? సంఖ్య వల్లే. పడుకున్నవి కొన్ని వేలు కూడా ఉండవు, పది లక్షల్లో ఒకటి పుట్టే మారిన కణం అక్కడ దొరకదు. కానీ అమ్మకు అప్పటికే లోపల జబ్బు మొదలై ఉంటే కథ తిరగబడుతుంది. కోట్ల సూక్ష్మజీవుల మీద ఒక్క మందు వదిలితే లొంగనివాటిని చేతులారా పెంచినట్టే. కాబట్టి గోలీ ఇచ్చే ముందు దగ్గు, జ్వరం, బరువు తగ్గడం, రాత్రి చెమటలు, ఈ నాలుగూ లేవని చూసుకోవాలి, ఛాతీ ఎక్స్‌రే తీయాలి. ఎవరైనా ఎక్స్‌రే లేకుండానే చీటీ రాస్తే అడగండి. పాప సరిగ్గా తినకుండా, బరువు పెరగకుండా ఉంటే అదీ లక్షణమే.

ఇక బొంబాయి. పోవద్దని చెప్పడం సులువు, పాలమూరు, దేవరకొండ దిక్కు ఇళ్లు ఎట్లా నడుస్తాయో తెలిసినవాళ్లు అట్లా చెప్పరు. పోతే ఇట్లా పోవాలి. అతని నిక్షయ్ నంబరు (టీబీ రోగిగా సర్కారు రికార్డులో నమోదైన నంబరు) ఫోన్‌లో రాసి పెట్టుకోవాలి, పోయే ముందే ఇక్కడి టీబీ సిబ్బందికి చెప్పి అక్కడి కేంద్రానికి బదిలీ పెట్టించుకోవాలి. కనీసం ఒక నెల గోలీలు చేతిలో ఉండాలి. అక్కడ కేంద్రం దొరక్కపోతే 1800-11-6666కు చేయొచ్చు, అది ఉచితం. నెలనెలా వచ్చే 1,000 రూపాయల పోషణ సాయం ఆ నంబరుకే కట్టి ఉంటుంది.

లెక్క నెలల్లో కాదు, గోలీల రోజుల్లో. మొదటి దశ 56 రోజులు, రెండోది 112. నాలుగు రోజులు మరిస్తే చివర్లో నాలుగు రోజులు కలపాలి, ఒకేరోజు రెట్టింపు మింగొద్దు. నెల, అంతకంటే ఎక్కువ తప్పితే ఎక్కడ ఆపారో అక్కడ నుంచి మళ్లీ మొదలుపెట్టొద్దు. ముందు తెమడ ఇచ్చి రిఫాంపిసిన్‌కు లొంగుతుందో చూపించుకోవాలి. 35 నుంచి 49 కిలోలకు రోజుకు మూడు గోలీలు, 50 నుంచి 64కు నాలుగు. తమ్ముడు ఐదు కిలోల కంటే ఎక్కువ పెరిగి పై మెట్టు ఎక్కితే గోలీలూ పెరగాలి, తక్కువ మోతాదు కూడా నిద్రపోయేవాటికి సాయమే. పరగడుపున మింగాలి, తిన్నాక మింగితే రిఫాంపిసిన్ సరిగ్గా ఒంటబట్టదు. మూత్రం ఎర్రగా నారింజ రంగులో వస్తే భయపడొద్దు, అది మందు రంగు. కళ్లు పచ్చబడటం, తిండి మీద అసహ్యం పుట్టి వాంతులు కావడం, ఎరుపు ఆకుపచ్చ రంగుల తేడా తెలియకపోవడం, ఇవి వస్తే అదే రోజు డాక్టరు దగ్గరికి. కాళ్లు తిమ్మిరెక్కితే బి6 గోలీ అడగాలి. కల్లు, సారా ఈ ఆరు నెలలు ముట్టొద్దు, మందు భారమంతా మోసేది కాలేయమే.

మందు పూర్తయ్యాక 6, 12, 18, 24 నెలలకు చూపించుకోమంటారు. తిరగబెట్టేవి ఎక్కువగా మొదటి ఏడాదిలోనే లేస్తాయి గనుక ముఖ్యంగా మొదటి రెండు తప్పించొద్దు. ఆ మధ్యలో రెండు వారాలకు మించి దగ్గు వస్తే పాత టీబీ సంగతి ముందే చెప్పి తెమడ ఇవ్వాలి. అప్పుడు సీబీనాట్ గానీ, అలాంటిదే అయిన ట్రూనాట్ గానీ పాజిటివ్ వచ్చినా, అది చచ్చినవాటి డీఎన్ఏ కావచ్చు కాబట్టి కల్చర్ కూడా పంపమని అడగాలి. పెంచితే పెరిగేది బతికున్నదే.